బోర్డు మారిస్తే విండోస్ పోతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లోనే కూర్చుని పదిహేను షాపులకు ట్యాలీలో లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నా సిస్టమ్ 2018లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించింది. ఐ5 ఏడో తరం ప్రాసెసర్. అప్పుడే డబ్బు కట్టి విండోస్ 10 ప్రో ఒరిజినల్ కొన్నాను. తెల్ల కవరు, అందులో డీవీడీ, కీ ఉన్న స్టిక్కరు ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. 2021లో హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు విండోస్ 11 దీనికి ఎక్కదంటున్నారు కాబట్టి మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చి, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, క్యాబినెట్ ఉంచుకుందామనుకుంటున్నాను. ఇక్కడి మెకానిక్ "బోర్డు మారితే విండోస్ పోయినట్టే మేడమ్, అయిదొందలివ్వండి, లైఫ్‌టైమ్ కీ వేసేస్తా" అంటున్నాడు. మా తమ్ముడేమో "డబ్బు పెట్టి కొన్నది మనదే కదక్కా, ఎందుకు పోతుంది" అంటాడు. ఎవరి మాట నిజం? పాత బోర్డు, ప్రాసెసర్‌తో మా తమ్ముడి కొడుక్కి ఇంకో సిస్టమ్ కట్టిస్తే అందులోనూ ఇదే విండోస్ వాడుకోవచ్చా? డేటా ఏమవుతుందోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ మెకానిక్ చెప్పిన రెండు మాటల్లో మొదటిది మీ వరకు దాదాపు నిజం. రెండోది మాత్రం వినకండి. మీ తమ్ముడి మాటలో న్యాయం ఉంది కానీ, బీరువాలో ఉన్న ఆ తెల్ల కవరే దానికి అడ్డం పడుతోంది. ఎందుకో చెబుతాను.

ముందు 2021లో ఏం జరిగిందో చూద్దాం. డిస్క్ మొత్తం మారింది, విండోస్ కొత్తగా ఎక్కింది, అయినా ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే లైసెన్స్ డిస్కులో ఉండదు. విండోస్ 10 మొదటిసారి యాక్టివేట్ అయినప్పుడు మెషీన్ లోపలి భాగాల గుర్తులన్నీ కలిపి ఒక వేలిముద్ర లాంటిది తయారు చేసి మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు పంపుతుంది. "ఈ మెషీన్‌కు విండోస్ 10 ప్రో హక్కు ఉంది" అని అక్కడ రాసుకుంటారు. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. మళ్ళీ ఎక్కించినప్పుడు అదే వేలిముద్ర వెళ్తుంది, అక్కడ పోల్చుకుంటారు, తలుపు తెరుచుకుంటుంది. డిస్క్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారదు. ప్రాసెసర్ ఒక్కటీ మార్చినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. బోర్డు సంగతి వేరు. విండోస్ దృష్టిలో మెషీన్ అంటే బోర్డే. క్యాబినెట్ అదే, టేబుల్ అదే, కీబోర్డు మీద అరిగిపోయిన అక్షరాలూ అవే అయినా, బోర్డు మారితే సర్వర్‌కు మీరు కొత్త మనిషి.

ఇంతవరకు అందరికీ ఒకటే. కొత్త మనిషిగా వెళ్ళాక "నేను పాతవాణ్ణే" అని చెప్పుకునే హక్కు ఉందా లేదా అన్నది, మీరు మొదట్లో కొన్న లైసెన్స్ రకాన్ని బట్టి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు కరెంటు మీటరు ఆ ఇంటి గోడకే ఉండిపోతుంది, గ్యాస్ కనెక్షన్‌ను మాత్రం కొత్త ఇంటికి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటాం. ఓఈఎమ్ లైసెన్స్, అంటే కొత్త సిస్టమ్‌తో పాటు ఇచ్చేది, మీటరు లాంటిది. అది బోర్డుతో పుట్టి బోర్డుతోనే పోతుంది. రిటైల్ లైసెన్స్, అంటే విడిగా కొనుక్కునేది, గ్యాస్ కనెక్షన్ లాంటిది. మీతో పాటు వస్తుంది, కాకపోతే ఒకేసారి రెండు ఇళ్ళలో పొయ్యి వెలిగించకూడదు.

మీ కవరు చూస్తే మీది ఓఈఎమ్ అనే అనిపిస్తోంది. విండోస్ 10 రిటైల్ డబ్బాలో డీవీడీ కాదు, పెన్‌డ్రైవ్ వచ్చేది. తెల్ల కవర్లో డీవీడీతో వచ్చేది సిస్టమ్ అసెంబుల్ చేసే షాపులకు ఇచ్చే ఓఈఎమ్ ప్యాక్. కవరు మీద ఇంగ్లీషులో "కొత్త పీసీతో పాటు మాత్రమే ఇవ్వాలి" అన్న అర్థంలో ఒక ముక్క ఉంటుంది, వెతికి చూడండి. అది ఉంటే మీ షాపువాళ్ళు మిమ్మల్ని మోసం చేశారనుకోకండి. కొత్త సిస్టమ్‌తో ఇవ్వాల్సింది అదే, రిటైల్ కంటే చవక కూడా. బోర్డు మార్చేటప్పుడు ఈ తేడా బయటపడుతుందని అప్పుడు ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ఓఈఎమ్ విషయంలో మైక్రోసాఫ్ట్ నియమం ఇది. బోర్డు చెడిపోయి దాని స్థానంలో మరొకటి వేస్తే అది రిపేరు, లైసెన్స్ కొనసాగుతుంది. బోర్డు బాగానే ఉండగా ఇంకా మంచిది కావాలని మారిస్తే అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క, కొత్త లైసెన్స్ కావాలి. మీది రెండోది. "మొన్నటిదాకా బాగానే ఉంది, నిన్నే చెడిపోయింది" అని సపోర్ట్‌వాళ్ళకు చెప్పమని సలహా ఇచ్చేవాళ్ళు మీకు దొరుకుతారు. నేను ఇవ్వను.

కవరు ఒకటి చెప్పి, సిస్టమ్ లోపల ఇంకోటి ఉండడం కూడా మామూలే. 2021లో విండోస్ ఎక్కించినవాళ్ళు మీ హక్కునే వాడారో, అలవాటుగా క్రాక్ (దొంగదారిన యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్) వేసి పోయారో ఎవరికి తెలుసు? చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో ఎస్ ఎల్ ఎమ్ జీ ఆర్ అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, ఎక్స్ పీ ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కొన్ని సెకన్లు ఆగితే చిన్న పెట్టె వస్తుంది. "పర్మనెంట్లీ యాక్టివేటెడ్" అని ఉంటే మంచిదే. అలా కాకుండా ఫలానా తేదీకి గడువు తీరుతుందని చూపిస్తే, అది వాల్యూమ్ లైసెన్స్. అంటే పెద్ద కంపెనీలు, కాలేజీలు తమ సొంత సర్వర్‌తో 180 రోజుల్లోపు తాజా చేసుకునే రకం. ఇంట్లో ఉన్న సిస్టమ్‌లో అది కనబడిందంటే క్రాక్ అన్నమాటే.

తర్వాత అదే ఆజ్ఞలో చివర ఎక్స్ పీ ఆర్ బదులు డీ ఎల్ ఐ అని కొట్టండి. ఈసారి లైసెన్స్ ఏ ఛానల్‌దో (అంటే ఏ రకమో), వేసిన కీలో చివరి అయిదు అక్షరాలేమిటో కనబడతాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మీకు "రిటైల్" అని, చివర 3వీ66టీ అని కనబడవచ్చు. నాకైతే అదే కనబడుతుందని అనుమానం. చూసి సంబరపడకండి. అది మీ కీ కాదు. కీ ఇవ్వకుండా విండోస్ 10 ప్రో ఎక్కించినప్పుడు అందరికీ పడే ఉమ్మడి కీ. దాని మీద రిటైల్ అని రాసున్నా, అసలు హక్కు సర్వర్‌లో మీ బోర్డు పేరిట ఉన్నదే. 2021లో మీ మెకానిక్ "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కి ముందుకు పోయి ఉంటాడు, బోర్డును గుర్తుపట్టి సర్వర్ ఒప్పుకుని ఉంటుంది. కాబట్టి ఇలాంటప్పుడు తెర మీది మాటకంటే బీరువాలోని కవరుకే విలువ. ఒకవేళ ఓఈఎమ్ అని ఉండి, చివరి అయిదు అక్షరాలు మీ స్టిక్కరుతో సరిపోతే ఇక అనుమానమే లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు రండి. దాని జవాబులోనే మొదటి దానికీ దారి ఉంది. లైసెన్స్ పాత బోర్డుదైతే, ఆ బోర్డు ఎవరి దగ్గరికి వెళ్తే అది వాళ్ళతో వెళ్తుంది. అంటే మీ మేనల్లుడి సిస్టమ్‌కు విండోస్ కొనక్కర్లేదు. ఆ బోర్డు మీద విండోస్ 10 ప్రో ఎక్కించి నెట్ కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. కవరు, స్టిక్కరు కూడా ఆ అబ్బాయికే ఇచ్చేయండి. కొనాల్సింది మీరు. ఒక్క లైసెన్స్‌తో రెండు సిస్టమ్‌లు నడపడం ఎలాగూ కుదరదు కాబట్టి, మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎలాగైనా కొనాల్సిందే. మీరు కొనడంలోనే లాభం ఉంది, ఈసారి రిటైల్ తీసుకుంటే రేపు మళ్ళీ బోర్డు మార్చినా ఈ గొడవ ఉండదు. ఆ అబ్బాయికి మాత్రం ఒక మాట చెప్పండి. ఏడో తరం ఐ5ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు ఊపిరి ఉంటుంది. ఆ తర్వాత చదువుకునే పిల్లాడికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ పెట్టినా తప్పేం లేదు.

పాత బోర్డును పక్కన పడేసి, పాత లైసెన్స్‌నే కొత్త బోర్డు మీద ప్రయత్నిస్తే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. విండోస్‌లో యాక్టివేషన్ చిక్కులు సరిచేసే ట్రబుల్‌షూటర్ ఒక్కోసారి ఓఈఎమ్‌ను కూడా ఒప్పుకుందని చెప్పేవాళ్ళున్నారు. ఒప్పుకోకపోతే గట్టిగా అడిగే హక్కు మాత్రం మీకు లేదు. పదిహేను షాపుల పని ఆ అదృష్టం మీద పెట్టొద్దంటాను.

కొనేటప్పుడు ప్రో అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి. ట్యాలీకి, జీఎస్టీ సైటుకు, డిజిటల్ సంతకం టోకెన్‌కు హోమ్ చాలు. వేరేచోటి నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో మీ సిస్టమ్‌లోకి వచ్చి పని చేసే అలవాటుంటే ప్రో కావాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఇప్పుడున్న ప్రోకు హోమ్ కీ పనికిరాదు. హోమ్ కొంటే విండోస్ మొదటినుంచీ ఎక్కించాలి. నన్నడిగితే 2021 నుంచీ చెత్త పేరుకున్న సిస్టమ్‌కు అది శిక్ష కాదు, స్నానం.

ఇక ఆ అయిదొందల లైఫ్‌టైమ్ కీ. ఎవరి లైఫ్‌టైమ్ అని అడగండి. ఆ ధరకు దొరికేవి చాలావరకు ఏదో సంస్థ పేరిట ఇచ్చిన వాల్యూమ్ కీలను బయట ముక్కలుగా అమ్మేవి, లేదంటే ఎక్కడో పాత మెషీన్లవి. ఈరోజు పని చేస్తాయి. మైక్రోసాఫ్ట్ కన్ను పడిన రోజు ఆగిపోతాయి. కీ పని చేసినంత మాత్రాన మీకు లైసెన్స్ ఉన్నట్టూ కాదు. ఇంకా చవక రకం కీ కూడా కాదు, క్రాక్. దాన్ని నడపడానికి ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. పదిహేను మంది వ్యాపారుల జీఎస్టీ పాస్‌వర్డులున్న సిస్టమ్‌లో, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌ను కాపలాకుక్కను కట్టేసి మరీ లోపలికి పిలవడం అది. యాక్టివేట్ కాకపోతే ఆ రాత్రే సిస్టమ్ ఆగిపోతుందన్న భయమూ వద్దు. తెర మూల "యాక్టివేట్ విండోస్" అన్న నీడ అక్షరాలు వస్తాయి, వాల్‌పేపర్ మార్చనివ్వదు. పని జరుగుతుంది. సరైన లైసెన్స్ తెచ్చుకునేదాకా నాలుగు రోజులు ఆగవచ్చు.

మీ ఉత్తరం చదివేవాళ్ళలో రిటైల్ డబ్బా ఉన్నవాళ్ళూ ఉంటారు. మీరూ రేపటినుంచి ఆ జాబితాలోకే వస్తారు కాబట్టి ఇది దాచుకోండి. చేయాల్సిందంతా పాత బోర్డు విప్పక ముందే చేయాలి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జతచేయాలి. విండోస్ 10లో ఆ పేజీ అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది, 11లో సిస్టమ్ కింద. అకౌంట్ లేకపోతే మీ జీమెయిల్ ఐడీతోనే తెరుచుకోవచ్చు. ఆఫీసో కాలేజీయో ఇచ్చిన అకౌంట్ పనికిరాదు, సొంతది కావాలి. మన దగ్గర ఇంకో తమాషా ఉంది. సిస్టమ్ కట్టిచ్చిన కుర్రాడు తొందరలో తన ఐడీతోనే లాగిన్ చేసి ఇచ్చేస్తాడు. అప్పుడు మీరు కొన్న లైసెన్స్ అతని ఖాతాలో కూర్చుంటుంది. పేజీలో కనబడే ఈమెయిల్ మీదేనా అని చూడండి. "లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్" అన్న మాట కనబడితే పని అయినట్టే. సిస్టమ్ పేరు కూడా గుర్తుండేలా మార్చుకోండి, డెస్క్‌టాప్ అన్న మాట పక్కన అర్థంకాని అక్షరాలుంటే తర్వాత జాబితాలో పోల్చుకోలేరు.

కొత్త బోర్డు వేశాక అదే ఎడిషన్ ఎక్కించి, అదే అకౌంట్‌తో లాగిన్ కావాలి. ప్రో హక్కుతో హోమ్ యాక్టివేట్ కాదు. హార్డ్‌వేర్ మారిందన్న ఫిర్యాదు, దాంతో పాటు 0ఎక్స్‌సీ004ఎఫ్211 అనే నంబరు వస్తే కంగారుపడకండి, అది రావాల్సిందే. అదే పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కితే, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్పే లైను ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి, పాత సిస్టమ్ పేరు ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదే అన్న గడిలో టిక్ పెట్టి యాక్టివేట్ చేయాలి. ఇలా చేయడానికీ ఒక హద్దుంది, అది దాటాక ఒప్పుకోదు. అప్పుడు బిల్లు, కీ దగ్గర పెట్టుకుని మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌తో మాట్లాడాలి.

డేటా గురించి మీ టెన్షన్ అనవసరం కాదు. లైసెన్స్ పోతే డబ్బుతో వస్తుంది. డిస్కుకు తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం, బోర్డు మార్చగానే విండోస్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ తాళంచెవి పాత బోర్డులోని లేదా ప్రాసెసర్‌లోని టీపీఎమ్ అనే భద్రతా భాగంలో ఉండిపోతుంది మరి. నేనొకసారి ఇంట్లో ఆదివారం పూట ఉత్సాహంగా బోర్డు మార్చి, స్క్రూలన్నీ బిగించాక ఆ నీలి తెర ముందు కూర్చున్నాను. డ్రైవ్ లాక్ అయి ఉందన్న సంగతే నాకు తెలియదు. చివరికి ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ అక్కడ దొరికింది. దొరికేదాకా నా ముఖం చూసి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాబట్టి మీరు ముందే బిట్‌లాకర్ ఉందో లేదో చూసి, ఉంటే పూర్తిగా ఆఫ్ చేయండి, కీని కాగితం మీద రాసుకోండి. రోజూ పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్ళు అసలు పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవాలి, పిన్ కూడా టీపీఎమ్‌తో ముడిపడిందే, కొత్త బోర్డు మీద పని చేయదు. ఇవన్నీ చేసినా బ్యాకప్ వేరే డిస్కులో ఉండాల్సిందే.

పాత ఎస్‌ఎస్‌డీని ఉన్నదున్నట్టు కొత్త బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు విండోస్ లేచి కూర్చుంటుంది. కానీ మీ డిస్క్ పాత ఎమ్‌బీఆర్ పద్ధతిలో విభజించి ఉంటే కొత్త బోర్డుల్లో చాలావాటిలో దాన్నుంచి విండోస్ లేవదు. విండోస్ 11కు ఎలాగూ జీపీటీ (డిస్క్ విభజనలో కొత్త పద్ధతి), యూఈఎఫ్‌ఐ (బోర్డు సిస్టమ్‌ను లేపే కొత్త పద్ధతి) కావాలి. కొత్తగా ఎక్కించుకుంటే ఈ పేచీ ఉండదు, అందుకే పైన దాన్ని స్నానం అన్నాను.

ట్యాలీ సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. ఆ లైసెన్స్ కూడా మెషీన్‌కే అతుక్కుని ఉంటుంది. పాత సిస్టమ్ నడుస్తుండగానే ట్యాలీలోకి వెళ్ళి లైసెన్స్ సరెండర్ చేసి, కొత్తదాంట్లో మళ్ళీ యాక్టివేట్ చేసుకోవాలి. రిటర్నుల గడువు దగ్గరున్న వారంలో ఈ పని పెట్టుకోకండి.

ర్యామ్ ఉంచుకుంటానన్నారు కదా. మీ సిస్టమ్ కాలం చూస్తే అది డీడీఆర్4 అయ్యుంటుంది. ఇప్పుడు ఒకే పేరుతో డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల బోర్డులూ అమ్ముతున్నారు, ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. బిల్లు కట్టేముందు డబ్బా మీద చూసుకోండి.